మోకాలి కింద

డాక్టర్ సోమన్ అసలు పేరు సోమనర్సయ్య. జనగామకు ఏడు కిలోమీటర్ల దూరంలోని పల్లెలో పుట్టి, అక్కడి సర్కారు బడిలో పదో తరగతి దాకా ఆ పేరుతోనే చదివాడు. ఎంబీబీఎస్‌లో చేరాక పేరులో వెనక సగం ఊడగొట్టుకున్నాడు. కొత్తగా చేరిన విద్యార్థులు ఆయనను కేరళ మనిషి అనుకునేవారు. కాదని ఆయన ఏనాడూ చెప్పలేదు. పేరుతో పాటు ఊరి మాటను కూడా వదిలేసి, టీవీలో వార్తలు చదివేవాళ్ల తెలుగు తెచ్చి నోట్లో పెట్టుకున్నాడు. సరిపోని కట్టుడు పళ్లలాగా అది ఎప్పుడు జారి బయట పడుతుందోనని ఎదుటివాళ్లే బెంగపడాల్సి వచ్చేది.

జనగామ దాటాక హైవే పక్కన, పత్తి చేల మధ్య లేచిన ఒక ప్రైవేటు మెడికల్ కాలేజీలో ఆయన సర్జరీ ప్రొఫెసర్. కాలేజీకి ఆస్పత్రి ఉంది, ఆస్పత్రిలో కావలసినన్ని మంచాలున్నాయి, వాటి మీద పడుకునే రోగులే లేరు. అందుకని కాలేజీ బస్సు వారానికి రెండుసార్లు మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల తండాలకు వెళ్లి, ఉచిత వైద్యమని మైకులో చాటి జనాన్ని ఎక్కించుకొచ్చేది. తనిఖీ వాళ్లు వచ్చే నెలలో మాత్రం రోజూ తిరిగేది.

ఈసారి తనిఖీలో డాక్టర్లు రోగులతో ఎలా మాట్లాడుతున్నారో కూడా చూస్తారని యాజమాన్యానికి కబురందింది. వెంటనే సోమన్‌ను హైదరాబాద్ పంపి మూడు రోజుల శిక్షణ ఇప్పించారు. మెడలో బిళ్ల, చేతిలో లావుపాటి ఫైలుతో ఆయన తిరిగొచ్చాడు. పాతికేళ్లుగా వార్డులో రోగులను 'ఏయ్ హెర్నియా, ఇటు తిరుగు' అని పిలిచిన మనిషి, సోమవారం నుంచి హౌస్‌సర్జన్లకు సానుభూతి నేర్పుతానని నోటీసు అంటించాడు.

హౌస్‌సర్జన్లంటే పరీక్షలన్నీ గట్టెక్కి, డిగ్రీ చేతికొచ్చే ముందు ఏడాది పాటు ఆస్పత్రిలో చాకిరీ చేసే పిల్లలు. వాళ్లలో సౌందర్య ఒకతి. రేగొండ దగ్గరి తండా పిల్ల. తండ్రి భూపాలపల్లి బొగ్గు గనుల్లో కాంట్రాక్టు కూలీ, తల్లి మిరప చేలలో కూలీ. ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లిషు నేర్చుకుని, ర్యాంకుతో సీటు తెచ్చుకుని వచ్చింది. వచ్చిన మొదటి నెల నుంచే ఆస్పత్రిలో తండా రోగి ఎవరు నోరు విప్పినా 'సౌందర్యను పిలవండి' అనేవాళ్లు. తింటుంటే పిలిచారు. పరీక్షకు చదువుకుంటుంటే పిలిచారు. ఒక్కరూ మంచిమాట అనలేదు సరికదా, సీనియర్లు ఆమెకు డిక్షనరీ అని పేరు పెట్టారు. మొదట్లో ఆమెకు విసుగు పుట్టింది. తరువాత ఆ విసుగు సిగ్గుగా మారింది. మూడో ఏడాదికల్లా లంబాడీ మాట చెవిన పడితే కారిడార్‌లో దారి మార్చుకోవడం అలవాటైంది.

శిక్షణకు ముందురోజు, ఆదివారం, కేసముద్రం వైపు తండా నుంచి లచ్చిరాం అనే రైతును బస్సులో తెచ్చి సర్జరీ వార్డులో చేర్చారు. యాభై అయిదేళ్ల మనిషి. పత్తి చేలో ముల్లు గుచ్చుకుని, షుగరు ఉన్నట్టు తెలియక నెలరోజులు ఆకుపసరు కట్టుకుని తిరిగాడు. కుడికాలి వేళ్లు మూడు నల్లబడ్డాయి, పాదం మీద చీము పట్టింది. పాదానికి రక్తం అందడం లేదని పరీక్షల్లో తేలింది. మోకాలి కింద దాకా తీసేయాలని సోమన్ తేల్చాడు. షుగరు కాస్త దిగాక గురువారం పొద్దున తొమ్మిదింటికి ఆపరేషన్.

ఆ సాయంత్రం లచ్చిరాం భార్య చంద్రి నీళ్ల సీసా నింపుకుని వస్తూ సౌందర్యను చూసింది. ముక్కు తీరు చూసిందో, నడక చూసిందో, దగ్గరికొచ్చి లంబాడీలో ఆశగా అడిగింది: "బిడ్డా, నువ్వు మనోళ్ల పిల్లవేనా?"

పక్కనే ఆమెతో పాటు పనిచేసే మిథున్, ఇంకో ఇద్దరు హౌస్‌సర్జన్లు ఉన్నారు. సౌందర్య తెలుగులో, "కాదమ్మా, వార్డు అటువైపు" అని చెప్పి నడిచిపోయింది.

సోమవారం సెమినార్ హాల్లో శిక్షణ మొదలైంది. రోగి వేషానికి వార్డు ఆయమ్మ ఓదెమ్మను తీసుకొచ్చి స్టేజీ మీద కుర్చీలో కూర్చోబెట్టారు. ఓదెమ్మ పన్నెండేళ్లుగా ఆస్పత్రుల్లో పనిచేస్తోంది, ఆమె చూడని రోగం లేదు. ఆమె చేతికి సోమన్ ఒక కాగితం ఇచ్చాడు. అందులో రోగి మాటలు రాసి ఉన్నాయి.

"డాక్టరు గారూ, నాకు చాలా ఆం... ఆందో..." ఓదెమ్మ కాగితాన్ని దూరం జరిపి చూసింది. "గిదేంది సారూ?"

"ఆందోళన. ఆందోళనగా ఉందండీ."

"బుగులైతుంది అంటే గాదా?"

"కాదు. ఉన్నది ఉన్నట్టు చదువు."

మొదట వెళ్లినవాడు మిథున్. హైదరాబాద్‌లో పెద్ద బడిలో చదివిన కుర్రాడు, కాలేజీకి మొదటి ర్యాంకు. ఓదెమ్మ ఎదురుగా కూర్చుని, ఫైలులో చెప్పినట్టు కొద్దిగా ముందుకు వంగి, చేతులు ఒళ్లో పెట్టుకుని, కళ్లలోకి చూస్తూ, "నమస్కారమండీ. నా పేరు డాక్టర్ మిథున్. మీ మనోభావాలను నేను అర్థం చేసుకోగలను" అన్నాడు. సోమన్ మురిసిపోయి ఇరవైకి ఇరవై వేశాడు. ఓదెమ్మ ఆ అబ్బాయి వైపు జాలిగా చూసింది. వారం కిందట ఇదే మిథున్, ఏడుస్తున్న ఒక ముసలమ్మను చూసి, ఇయర్‌ఫోన్లు తీయకుండానే 'బయటికి పంపించు' అని సైగ చేసినప్పుడు, ఆ పంపిన మనిషి ఓదెమ్మే.

సౌందర్య వంతు వచ్చింది. ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఏమైంది అవ్వా? గట్ల దిగులుగున్నవేంది? జర నిమ్మళంగ చెప్పు" అంది.

ఓదెమ్మ మొహం విప్పారింది. కాగితం పక్కన పడేసి, "ఏం చెప్పాలె బిడ్డా, పెయ్యంత ఒకటే మంట..." అని మొదలుపెట్టింది.

"ఆపండి!" సోమన్ స్టేజీ ఎక్కాడు. "ఏమిటీ భాష? అవ్వ ఏమిటి? జర ఏమిటి? మీరు చెట్టు కింద కబుర్లు చెప్పుకోవడానికి రాలేదు. వైద్యులు మీరు. అమ్మగారూ అనాలి. వృత్తికి తగిన భాష ఉండాలి."

హాల్లో కొందరు నవ్వారు. ఇరవైకి ఏడు మార్కులు. ఈ భాషే మాట్లాడే తల్లి కడుపున పుట్టిన మనిషి, ఆ తల్లి మాటను వేలెత్తి తప్పుపడుతున్నాడు. సౌందర్య తల వంచుకుని దిగిపోయింది. ఆమెకు ఆయన మీద అసహ్యం వేసింది. ఆదివారం సాయంత్రం కారిడార్‌లో తను చేసింది గుర్తొచ్చి, ఆ అసహ్యాన్ని ఎంతోసేపు నిలుపుకోలేకపోయింది.

మంగళవారం సోమన్‌కు ఇంకో ఆలోచన వచ్చింది. ఉత్తుత్తి రోగితో కాదు, నిజం రోగితో మాట్లాడుతున్న వీడియో ఒకటి తీసి తనిఖీ వాళ్లకు చూపిస్తే కాలేజీ పేరు నిలబడుతుంది. ఎలాగూ లచ్చిరాం ఆపరేషన్‌కు వేలిముద్ర తీసుకోవాలి. కాలు తీసేస్తామన్న కబురు చెప్పడం కంటే గొప్ప సందర్భం ఏముంటుంది? కౌన్సెలింగ్ గదిలో పూలకుండీ పెట్టించాడు, గోడకు కాలేజీ బ్యానర్ కట్టించాడు, ఫొటోగ్రాఫర్‌ను పిలిపించాడు. చెప్పేవాడు మిథున్.

ఆ సంగతి సౌందర్యకు తెలుసు. గదిలోకి వెళ్లి 'వాళ్లకు తెలుగు అంతంత మాత్రమే వస్తుంది, నేను చెబుతాను' అని ఒక్క మాట అనవచ్చు. అనలేదు. అడగకుండా వెళ్తే డిక్షనరీ వచ్చిందంటారు. డ్రెస్సింగుల గదిలో పని కల్పించుకుని అక్కడే ఉండిపోయింది.

బుధవారం మధ్యాహ్నం మూడింటికి హాల్లో వీడియో వేశారు. తెర మీద లచ్చిరాం చక్రాల కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాడు. పక్కన చంద్రి కొంగు మొహం మీదికి లాక్కుని నిలబడింది. ఆమెకు కుర్చీ వేయాలని ఎవరికీ తోచలేదు. మిథున్ ముందుకు వంగి, చేతులు ఒళ్లో పెట్టుకుని మొదలుపెట్టాడు.

"లచ్చిరాం గారూ, మీకు ఒక బాధాకరమైన విషయం తెలియజేయవలసి ఉంది. రక్తప్రసరణ లోపించిన కారణంగా మీ మోకాలి దిగువ భాగాన్ని శస్త్రచికిత్స ద్వారా తొలగించవలసి ఉంటుంది. మీ మనోభావాలను నేను అర్థం చేసుకోగలను. మీకేమైనా సందేహాలున్నాయా?"

"లేవు సారూ. మీరెట్లంటే గట్లనే."

"మీ సహకారానికి ధన్యవాదాలు."

చేతులు ఒళ్లో ఉండాలన్నారు కాబట్టి మిథున్ ఒక్కసారి కూడా ఆ కాలి వైపు వేలు చూపలేదు. లచ్చిరాం వేలిముద్ర వేశాడు. కుర్చీని వెనక్కి తిప్పుతుండగా అతను చంద్రి వైపు మొహం తిప్పి లంబాడీలో రెండు మాటలన్నాడు. మైకు అవి కూడా పట్టుకుంది. అక్కడితో వీడియో ఆగిపోయింది.

హాలంతా చప్పట్లు. సోమన్ కళ్లు తడిబారినంత పనైంది. "చూశారా, రోగి ఎంత ప్రశాంతంగా స్వీకరించాడో! ఇదీ భావప్రసారం అంటే."

సౌందర్య లేచి నిలబడింది. ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియలేదు. "సార్, ఆ చివరి మాట మళ్లీ ఒకసారి వేస్తరా?"

"ఎందుకు?"

"ఆయన ఏమన్నడో మీకు అర్థం కాలె సార్. 'నల్లబడ్డ వేలు తీసి పట్టి కడతరట. ఆదివారం కల్లా ఇంటికి పోతం, పత్తి ఏరేటోళ్లకు చెప్పి పెట్టు' అన్నడు. కాలు తీస్తరని ఆయనకు తెల్వదు."

చప్పట్లు ఆగిపోయాయి. మిథున్ మొహం పాలిపోయింది. "నేను స్పష్టంగానే చెప్పాను కదా" అన్నాడు, ఎవరివైపూ చూడకుండా.

సోమన్ ఒక్క క్షణం ఫైలు వైపు చూశాడు. అందులో దీనికి జవాబు లేదు. "అది భార్యాభర్తల వ్యక్తిగత సంభాషణ. మన పాఠానికి సంబంధం లేదు. వేలిముద్ర అయింది, సందేహాలున్నాయా అని అడిగాం, లేవన్నాడు." తర్వాత ఫొటోగ్రాఫర్‌ను పిలిచి, "ఆ చివరి ముక్క కోసెయ్. తనిఖీ వాళ్లకు అర్థం కాని భాష మనకెందుకు?" అన్నాడు.

నలభై మంది కాబోయే డాక్టర్లు ఆ మాట విన్నారు. టీ విరామమని చెప్పగానే లేచి సమోసాల దగ్గరికి నడిచారు.

సౌందర్య వార్డుకు వెళ్లింది. లచ్చిరాం మంచం అంచున కూర్చుని, "కాకా" అని పిలిచి లంబాడీలో మాట మొదలుపెట్టింది. చంద్రి చేతిలో గ్లాసు పట్టుకుని ఆమెనే కళ్లార్పకుండా చూసింది.

"నువ్వు మనదానివి కాదన్నవ్ గద" అంది చంద్రి లంబాడీలోనే.

"తప్పయింది యాడీ" అంది సౌందర్య. యాడి అంటే వాళ్ల మాటలో అమ్మ.

చంద్రి గ్లాసు కింద పెట్టి తెలుగులోకి మారింది. "డాక్టరమ్మా, తెలుగులనే చెప్పు. మేం గూడ అర్థం చేసుకుంటం."

"చెప్పనీ" అన్నాడు లచ్చిరాం. "ఎట్ల వస్తె గట్ల చెప్పనీ."

సౌందర్య తన ప్యాంటు మీద, మోకాలి కింద నాలుగు వేళ్ల దూరంలో అరచేతి అంచు ఆనించి చూపింది. "రేపు పొద్దున ఇక్కడి నుంచి కిందంతా తీసేస్తరు కాకా."

లచ్చిరాం నవ్వాడు. "నువ్వు చిన్న డాక్టరువి. నీకు సరిగ చెప్పినట్టు లేరు. వేలు తీస్తరు. బస్సుల అచ్చినప్పుడే చెప్పిన్రు."

ఆమె కేసు షీటు తెచ్చి అతని వేలిముద్ర చూపింది. దాని పైన ఇంగ్లిషులో ఉన్న నాలుగు వరుసలను ఒక్కొక్కటే లంబాడీలో చదివి చెప్పింది. లచ్చిరాం నవ్వు మెల్లగా ఆగింది. తన కాలిని, ఆమె చూపిన చోటును మార్చి మార్చి చూసుకున్నాడు. వంగి, ఆ చోట తన చేతిని ఉంచుకున్నాడు.

"మరి ఆ పిలగాడు ఏం చెప్పిండు?"

"ఇదే చెప్పిండు."

"ఇదేనా?" అతని గొంతులో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ వినిపించింది. "ఇంత మాట చెప్తుంటె నాకు తెల్వకపోయె?"

కాలు ఎందుకు తీయాలో, తీయకపోతే ఏమవుతుందో ఆమె దాచకుండా చెప్పింది. విషం పైకి పాకుతుంది. ప్రాణం మీదికి వస్తుంది. ఆలస్యమైతే మోకాలు కూడా దక్కదు. లచ్చిరాం అన్నీ విన్నాడు. చివరికి, "నేనిప్పుడు ఒప్పుకోను" అన్నాడు. "కొడుకును అడగాలె. తండల పెద్దోళ్లను అడగాలె. ఎడ్లను కొనాలన్నా, కోడలిని తేవాలన్నా అడిగే చేస్తం. కాలు ఇయ్యాల్నంటే ఒక్క మాట అడగకుంటనే ఇయ్యాల్నా?"

"ఫోన్ చేసి అడుగు కాకా."

"ఫోన్ల అడిగే మాటనా ఇది?"

అప్పుడు చంద్రి మాట్లాడింది. ఈసారీ తెలుగులోనే. "ఐతారం నాడే నువ్వు అవునంటే ఐపోతుండె డాక్టరమ్మా. సోమారం పొద్దుగల బండికే మావోళ్లు వస్తుండె. ఈడనే కూసోని మాట్లాడుకుంటుంటిమి. మూడు దినాలు దొరుకుతుండె."

అది నిజం. ఆ సాయంత్రం అయిదింటికి లచ్చిరాం డాక్టర్ల సలహాకు విరుద్ధంగా వెళ్తున్నానన్న కాగితం మీద ఇంకో వేలిముద్ర వేసి, కేసముద్రం రైలు ఎక్కాడు. సౌందర్య మాత్రలు, ఇన్సులిన్, ఊళ్లో నర్సుకు ఒక చీటీ ఇచ్చి, నాలుగు రోజులు దాటవద్దని నాలుగుసార్లు చెప్పింది.

గురువారం తొమ్మిదింటికి ఆపరేషన్ థియేటర్ సిద్ధంగా ఉంది, రోగి లేడు. సోమన్ వార్డులోకి వచ్చాడు. మెడలోని బిళ్ల అటూ ఇటూ ఊగుతోంది.

"ఎవడే నీకు చెప్పుమన్నడు?" అని అరిచాడు. టీవీ తెలుగు ఎటు పోయిందో పోయింది. "దిమాకున్నదా నీకు? మంచిగ ఒప్పుకున్నోన్ని ఎల్లగొడ్తవా? ఆడు సస్తె ఎవని మెడకు సుట్టుకుంటది?"

వార్డులోని ముప్పై మంది రోగులు లేచి కూర్చున్నారు. శిక్షణ మొదలైనప్పటి నుంచి ఆయన వార్డులో మాట్లాడిన దానిలో వాళ్లకు పూర్తిగా అర్థమైంది ఇదొక్కటే. ఓదెమ్మ తలుపు దగ్గర నిలబడి, "సారు ఇయ్యాల మంచిగ మాట్లాడుతున్నడు" అని పక్క ఆయమ్మతో గొణిగింది.

"తెల్వకుంట ఒప్పుకున్నడు సార్" అంది సౌందర్య.

"తెల్సినంక పాయె గద! ఏం ఉద్ధరించినవ్?"

ఆమెకు సర్జరీ పోస్టింగ్ ఇంకో నెల పొడిగించారు. శిక్షణ సర్టిఫికెట్ ఇవ్వలేదు. మిథున్‌కు బంగారు రంగు అంచున్న సర్టిఫికెట్ ఇచ్చారు. అతను మర్నాడు క్యాంటీన్‌లో ఆమె దగ్గరికొచ్చి, లంబాడీలో మోకాలును ఏమంటారని అడిగాడు. ఆమె చెప్పింది. ఫోన్‌లో రాసుకున్నాడు. లచ్చిరాం ఎలా ఉన్నాడని మాత్రం అడగలేదు.

ఎలా ఉన్నాడో ఆమె రోజూ అడుగుతూనే ఉంది. లచ్చిరాం కొడుకు వీరేందర్ కేసముద్రం మార్కెట్ యార్డులో హమాలీ. బస్తాల మధ్య నుంచి ఫోన్ ఎత్తి, మొదటి రోజు 'మాట్లాడుకుంటున్నరు' అన్నాడు. రెండో రోజు మేనమామ ఒప్పుకోలేదన్నాడు. మూడో రోజు చలిజ్వరం. నాలుగో రోజు, "అక్కా, బాపు కాలు వాసనొస్తున్నది. నేను ఎత్తుకొస్త" అన్నాడు. అయినా పెద్దల మాట తెగడానికి ఇంకో రోజు పట్టింది. ఆ రోజు సౌందర్య అతని మీద అరిచింది, బతిమాలింది, చివరికి ఏడ్చింది. మంచి డాక్టర్లు అలా చేయకూడదని ఫైలులో స్పష్టంగా రాసి ఉంది.

మంగళవారం మధ్యాహ్నం వాళ్లు వచ్చారు. ఎరుపు మోకాలు దాటి తొడకు పాకింది. సోమన్ దుప్పటి ఎత్తి చూసి, సౌందర్య వైపు తిరిగాడు. ఆయన కళ్లలో గెలిచిన సంతోషం ఉంది. చావు అంచున ఉన్న మనిషిని చూసి ఒక డాక్టరు మొహంలో అది కనిపించడం ఆమె చూడటం అదే మొదటిసారి.

"ఇక మోకాలి కింద కుదరదు. తొడ మధ్యన తీయాలి. చెప్పుకో, నువ్వే చెప్పుకో."

ఆమె చెప్పింది. లచ్చిరాం జ్వరంలో కూడా ఒక్కొక్కటే అడిగాడు. ఎంత దాకా? కోసేటప్పుడు తెలుస్తదా? తీసిన కాలును ఏం చేస్తరు? కట్టెకాలు పెడితే చేనుగట్టు మీద నడవొచ్చా? ఒంటికి పోయేటప్పుడు ఎట్ల కూసోవాలె? ఆ చివరి ప్రశ్న ఆమెకు ఏ పుస్తకంలోనూ ఎదురు కాలేదు. తెలియదని చెప్పి, ఫిజియోథెరపీ ఆయనకు ఫోన్ చేసి కనుక్కుని చెప్పింది. వీరేందర్, తండా నుంచి వచ్చిన ఇద్దరు పెద్దమనుషులు చుట్టూ నిలబడి విన్నారు. సోమన్ గుమ్మంలో గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. మొత్తం పావుగంట పట్టింది.

"సరే, తియ్యిండ్రి" అన్నాడు లచ్చిరాం. వేలిముద్ర వేశాక గుమ్మం వైపు చూసి, తెలుగులో, "సారూ, కోసేది మీరేనా?" అన్నాడు.

"అవును" అన్నాడు సోమన్.

"చెయ్యి మంచిదేనా? మాటసొంటిదేనా?"

పెద్దమనుషుల్లో ఒకాయన నవ్వాడు. సోమన్ థియేటర్ వైపు వెళ్లిపోయాడు. చెయ్యి మంచిదే, ఆ సంగతి ఒప్పుకోవాలి. ఆపరేషన్ బాగా చేశాడు. మనిషి బతికాడు.

పది రోజుల తర్వాత తనిఖీ వాళ్లు వచ్చారు. చివరి ముక్క కోసేసిన వీడియో చూసి తలలూపారు. ఆ వెంటనే సోమన్ ఇంకో స్లయిడ్ వేశాడు. దాని మీద రెండు కాళ్ల బొమ్మలున్నాయి. ఒకటి మోకాలి కింద తెగింది, ఒకటి తొడ మధ్యన తెగింది. మొదటిది శిక్షణ పొందిన వైద్యుడు చెప్పిన ఫలితమట, రెండోది శిక్షణ సరిగా అందుకోని వైద్యురాలు జోక్యం చేసుకున్న ఫలితమట. పేరు చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు, హాల్లో అందరూ వెనక్కి తిరిగి ఆమెనే చూశారు.

సౌందర్య ఈసారి లేవలేదు. ఆ మనిషి తన వీడియో కోసం, తన బిళ్ల కోసం ఒక నిజాన్ని ముక్కలు చేసి అమ్ముకుంటున్నాడని ఆమెకు తెలుసు. కానీ ఆ మోకాలు నిజంగానే పోయింది. ఆ పోయిన మోకాలిలో ఆదివారం నాటి తన రెండు మాటలకు ఎంత వాటా ఉందో కూడా ఆమెకు తెలుసు. స్లయిడ్ వేసినవాడికి తెలియనిది అదొక్కటే. తెలిస్తే అది కూడా వేసేవాడు.

ఆ సాయంత్రం లచ్చిరాం కట్టు మారుస్తూ, "కాకా, నా మీద కోపమున్నదా?" అని అడిగింది.

"ఉన్నది. చెప్పినందుకు లేదు. ఆలస్యంగ చెప్పినందుకు ఉన్నది" అన్నాడు. ఆ తర్వాత కట్టు బిగుతుగా ఉందని, కొంచెం వదులు చేయమని అడిగాడు. చంద్రి కిటికీ దగ్గర కూర్చుని బట్టలు మడత పెడుతోంది. ఈ వైపు చూడలేదు.

డిశ్చార్జి రోజున వీరేందర్ తండ్రిని ఎత్తుకుని బస్సు ఎక్కించాడు. సోమన్ ఆ పక్క నుంచే కారులో వెళ్లాడు.

పొడిగించిన నెల కూడా అయిపోయింది. ఆ నెలంతా తండా రోగి ఎవరు వచ్చినా సౌందర్య పిలవకముందే వెళ్లి కూర్చునేది. డిక్షనరీ అన్నవాళ్లను అననిచ్చింది. వాళ్ల మీద కోపం తెచ్చుకోవడానికి వాళ్లలో ఏమీ కనిపించలేదు. మిథున్ పీజీ సీటు కోసం కోచింగ్‌లో చేరాడు. సోమన్‌ను యాజమాన్యం ఇంకో రెండు కాలేజీల్లో పాఠం చెప్పడానికి పంపింది.

ఆమె మూటాముల్లె సర్దుకుంటున్న రోజు మధ్యాహ్నం లచ్చిరాం ఫోన్ చేశాడు. కట్టెకాలు ఇంకా రాలేదని, కర్రల మీద వాకిట్లోకి నడుస్తున్నానని చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించి, "మా తండల యాకమ్మకు రొమ్ముల గడ్డ అయింది. ఎవలికి చెప్పుతలేదు, సిగ్గు. చంద్రికి చెప్పింది. చంద్రి నీకు ఫోన్ చెయ్యుమన్నది" అన్నాడు.

"యాడీనే చెయ్యుమన్నదా?"

"ఆ. గని మీ దవాఖానకు మాత్రం తీసుకరాం. ఇంకో జాగ చెప్పు."

సౌందర్య సంచీ పక్కన పెట్టి మంచం మీద కూర్చుంది. యాకమ్మ వయసెంత, గడ్డ ఎన్నాళ్ల నుంచి ఉంది, నొప్పి ఉందా, చంకలో కూడా ఏమైనా తగులుతోందా అని లంబాడీలో ఒక్కొక్కటే అడిగింది. అవతల లచ్చిరాం ప్రతిదాన్నీ గట్టిగా చంద్రికి చెప్పి, ఆమె జవాబు తెచ్చి చెబుతున్నాడు. నాలుగో ప్రశ్నకు చంద్రి విసిగిపోయి ఫోన్ లాక్కుంది. తెలుగులోనే, "ఆగు, యాకమ్మనే పిలుస్త. నువ్వు ఆమెతోనే మాట్లాడు" అంది.

సౌందర్య ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని వేచి ఉంది.